కోడింగ్ నేర్పుతాం... ఉద్యోగమూ ఇస్తాం!

డిగ్రీ చేతికొచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు. అంతలో ఫోన్లో ఓ ప్రకటన... 'ఇంట్లో కూర్చుని మెడికల్ కోడింగ్ నేర్చుకోండి, రెండు నెలల్లో అమెరికా కంపెనీలో కొలువు'. ఫీజు చూస్తే అయిదంకెల్లో ఉంది. కట్టాలా, వద్దా? తెలుగునాట ఎన్నో ఇళ్లల్లో ఇప్పుడు నడుస్తున్న చర్చ ఇదే.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఓ పెద్దావిడ ఇంటి ముందు పేరుకున్న మంచు మీద కాలు జారి పడిందనుకుందాం. కుడి చెయ్యి నేలకు ఆనించడంతో మణికట్టు దగ్గర ఎముక విరిగింది. డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. పక్కకు జరిగిన ఎముకను కోత లేకుండా చేత్తోనే సర్ది, కట్టు కట్టి పంపించాడు. రెండు మూడు రోజులు గడిచాయి. హైదరాబాద్‌లో, ఏ మాదాపూర్‌లోనో ఉప్పల్‌లోనో, ఓ అమ్మాయి ఆఫీసుకొచ్చి కంప్యూటర్ తెరిచింది. డాక్టరు రాసిన నోటు రెండుసార్లు చదివింది. 'ఎస్52.501ఏ' అని కొట్టింది. కుడి ముంజేతిలోని రేడియస్ ఎముక కింది కొస విరిగింది, చర్మం చిట్లలేదు, చికిత్స నడుస్తోంది అని దానర్థం. తర్వాత 'డబ్ల్యూ00.0ఎక్స్‌ఎక్స్‌ఏ'... మంచు మీద జారి పడటం. చివరగా '25605'... ఎముకను సర్ది కట్టు కట్టడం.

ఇక్కడ 501 బదులు 502 కొడితే విరిగింది ఎడమ చెయ్యి అవుతుంది. ఎక్స్‌రేలో కుడి, బిల్లులో ఎడమ... బీమా కంపెనీ బిల్లును తిప్పి కొడుతుంది. 25605 బదులు 25600 కొడితే ఎముకను సర్దకుండా ఉత్త కట్టు కట్టినట్టు లెక్క. డాక్టరుకి రావాల్సిన సొమ్ములో కోత పడుతుంది. పొరపాటు అటు నుంచి ఇటు జరిగితే మరీ ప్రమాదం. చేయని పనికి డబ్బు అడిగినట్టవుతుంది. తెలిసి చేస్తే సర్కారు సొమ్ము తప్పుడు లెక్కలతో కాజేసినవాళ్ల కోసం 1863లో, అంతర్యుద్ధం రోజుల్లో తెచ్చిన చట్టం అక్కడ ఇప్పటికీ అమల్లో ఉంది!

మెడికల్ కోడింగ్ అంటే ఇదే. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే కోడింగ్‌కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ పేరు చూసి పొరబడి ఫోన్ చేసే బీటెక్ కుర్రాళ్లూ ఉంటారు మరి.

రోగం అక్కడ... అంకె ఇక్కడ

మనకు ఆరోగ్యశ్రీ తెలుసు. 2007లో మొదలైన ఆ పథకంలో ఏ ఆపరేషన్‌కి ఎంత అని ముందే ప్యాకేజీలు రాసి ఉంటాయి. ఆసుపత్రి ఆ ప్యాకేజీ పేరు మీద అనుమతి తీసుకుంటుంది, ఆనక డబ్బు కోరుతుంది. అమెరికాలో వైద్యమంతా దాదాపు ఇలాంటి లెక్క మీదే నడుస్తుంది. కాకపోతే అక్కడ వందల బీమా కంపెనీలు, వేలకు వేలు అంకెలు. జబ్బుకో కోడ్, చేసిన పనికో కోడ్, వాడిన మందుకో పరికరానికో ఇంకో కోడ్. రెండూ పొంతన కుదిరితేనే పైసలు.

జబ్బుల కోడ్లుండే పుస్తకాన్ని ఐసీడీ అంటారు. దీని మూలం ఈనాటిది కాదు. జాక్ బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త 1893లో మరణ కారణాలకు తయారుచేసిన జాబితా అది. 1948 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని బాధ్యత చూస్తోంది. అమెరికా దాన్ని తనకు కావలసినట్టు పెంచుకుని ఐసీడీ-10-సీఎం అని పేరు పెట్టుకుంది. అది 2015 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందున్న పుస్తకంలో జబ్బుల కోడ్లు 14 వేల దగ్గర ఉండేవి. ఒక్క రాత్రిలో అవి దాదాపు 70 వేలయ్యాయి. డాక్టరు చేసిన పనులకు వాడే సీపీటీ పుస్తకం మాత్రం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సొత్తు. 1966లో మొదటిసారి అచ్చయింది. అందులో అయిదంకెల కోడ్లు పది వేలకు పైనే. మందులు, చక్రాల కుర్చీలు, అంబులెన్సు వంటి వాటికి హెచ్‌సీపీసీఎస్ అని మూడోది ఉంది. కోడర్లు దాన్ని ముద్దుగా 'హిక్‌పిక్స్' అంటారు.

ఇవన్నీ బట్టీ పడతారా? పట్టరు. పట్టాల్సిన పనీ లేదు. పరీక్షలోనూ పుస్తకాలు పక్కనే పెట్టుకుని రాయనిస్తారు. ఎక్కడ వెతకాలో, వెతికినచోట చిన్న అక్షరాల్లో ఉన్న సూచన ఏం చెబుతోందో పట్టుకోవడమే విద్య. అపెండిక్స్ వాస్తే చివర 'ఐటిస్' వస్తుంది, దాన్ని కోసి తీసేస్తే 'ఎక్టమీ' అవుతుంది, కోసి చూస్తే 'ఆటమీ', కోసి దారి పెడితే 'ఆస్టమీ'. ఈ గ్రీకు తోకలు తెలిసిన బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, బీఎస్సీ మైక్రోబయాలజీ వాళ్లను కంపెనీలు ఇష్టపడటానికి కారణం అదే. బీడీఎస్, హోమియో చదివినవాళ్లూ చాలామంది ఈ దారిలో కనిపిస్తారు. మామూలు డిగ్రీవాళ్లు అసలు పనికిరారని కాదు. వాళ్లు శరీర నిర్మాణం పాఠాలు మొదటి నుంచీ చదువుకోవాలి. ఆ పాఠాలకు వారం రోజులు కేటాయించి 'అయిపోయింది' అనే కోర్సు వాళ్లకు చేసే మేలు ఏమీ ఉండదు.

తెనాలిలో ఓ ఇల్లు

ఇలా ఊహించుకుందాం. తెనాలిలో చిన్న కిరాణా కొట్టున్న కుటుంబం. పెద్దమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేసి ఏడాదయింది. హైదరాబాద్ పంపాలంటే హాస్టలు ఖర్చు. అందుకే ఆన్‌లైన్ కోర్సు బాగుందనిపించింది. ప్రకటన మీద నొక్కీ నొక్కగానే పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

''మేడమ్, ఈ బ్యాచ్‌లో రెండే సీట్లున్నాయి. ఇవాళే కడితే సగం ఫీజు. రేపైతే ఫుల్ ఫీజు. ప్లేస్‌మెంట్ హండ్రెడ్ పర్సెంట్ మేడమ్.''

అమ్మాయి స్పీకర్ ఆన్ చేసింది. వాళ్ల నాన్న తూకం ఆపి విన్నాడు. వాళ్లమ్మ అప్పటికే చేతి గాజుల వంక చూసుకుంటోంది. పిల్ల ఖాళీగా ఉంటోందన్న బెంగ ఆవిడది.

ఈ ఇంట్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకోవాలి?

సర్టిఫికెట్ ఎవరిది?

ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. చాలా ప్రకటనల్లో 'సర్టిఫికేషన్ కోర్సు' అని ఉంటుంది. ఎవరి సర్టిఫికేషన్? కోర్సు చెప్పిన సంస్థ తన సంతకంతో ఇచ్చే కాగితం 'ఈ అమ్మాయి మా దగ్గర పాఠాలు వింది' అని మాత్రమే చెబుతుంది. కంపెనీలు అడిగేది అది కాదు.

ఈ రంగంలో విలువున్న పరీక్షలు ముఖ్యంగా రెండు సంస్థలవి. ఒకటి ఏఏపీసీ. 1988లో మొదలైంది, అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా నడుస్తుంది. హైదరాబాద్‌లో ఎవరినడిగినా చెప్పే 'సీపీసీ' దీని పరీక్షే. రెండోది అహిమా. ఇది ఇంకా పాతది, 1928 నాటిది. దీని పరీక్షలు సీసీఏ, సీసీఎస్. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్న రోగుల కేసుల్లో సీసీఎస్‌కి గిరాకీ ఎక్కువ.

సీపీసీలో వంద ప్రశ్నలు, నాలుగు గంటలు. 70 శాతం వస్తే గట్టెక్కినట్టు. వినడానికి తేలికే. లెక్కేస్తే ప్రశ్నకు రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. అందులోనే అరపేజీ ఆపరేషన్ నోటు చదవాలి, లావుపాటి పుస్తకంలో పేజీ తిప్పాలి, నాలుగింట్లో ఒకటి గుర్తించాలి. 2022కి ముందు ఇదే పరీక్షలో 150 ప్రశ్నలుండేవి, సమయం అయిదు గంటల నలభై నిమిషాలు. ఇప్పటికీ 150 ప్రశ్నల పాత నమూనాతోనే సాధన చేయిస్తున్నారంటే, ఆ సంస్థ పాఠాలు ఎప్పుడు రికార్డు చేసినవో అర్థమైపోతుంది.

పరీక్ష గట్టెక్కినా పేరు పక్కన వెంటనే పూర్తి సీపీసీ రాదు. పని అనుభవం లేనివాళ్లకి 'సీపీసీ-ఏ' అని ఇస్తారు. ఆ 'ఏ' అంటే అప్రెంటిస్. రెండేళ్లు ఉద్యోగం చేసినట్టు రుజువులు చూపిస్తే అది పోతుంది. చదువు గంటలు చూపించి ఒక ఏడాది తగ్గించుకునే వీలూ ఉంది. ఆ తర్వాత కూడా చదువు ఆగదు. రెండేళ్లకోసారి 36 పాయింట్ల మేర కొత్త విషయాలు నేర్చుకున్నట్టు చూపించాలి, సభ్యత్వం కట్టుకుంటూ ఉండాలి. ఫోన్లో మాట్లాడినాయన ఈ 'ఏ' గురించి ఒక్క మాటైనా చెప్పాడా? చెప్పకపోతే ఆయనకి తెలియకనా, చెప్పదలచుకోకనా అన్నది ఆలోచించుకోవాల్సిన విషయమే.

ఇంకో సంగతి. కోర్సు ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు, సభ్యత్వం వేరు, మూడు పుస్తకాల ఖర్చు వేరు. 'అన్నీ కలిపే' అంటే ఏవేవి కలిపో కాగితం మీద రాసి ఇమ్మనాలి. వాట్సాప్‌లో రాసినా సరే, నోటి మాట కంటే నయం.

గురువుగారి నంబరు

పాఠం చెప్పేది ఎవరు? ఆన్‌లైన్ కోర్సుల్లో తిరకాసంతా ఇక్కడే. ప్రకటనలో ఒకరు ఉంటారు, డెమో క్లాసు ఇంకొకరు చెబుతారు, డబ్బు కట్టాక వచ్చేవి రెండేళ్ల కిందటి వీడియోలు.

సీపీసీ ఉన్న ప్రతివాళ్లకీ ఏఏపీసీ సభ్యత్వ సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఉంటే సర్టిఫికెట్ నిజమా కాదా, ఇప్పటికీ చెల్లుతోందా అన్నది ఆ సంస్థ వెబ్‌సైట్లోనే సరిచూసుకోవచ్చు. డబ్బు తీసుకోకుండానే ఎవరైనా చూడొచ్చు. 'సార్, మీ నంబరు చెబుతారా' అని మర్యాదగా అడిగితే నిజమైన గురువుకి కోపం రాదు.

డెమో క్లాసులో అడగడానికి సరదా పరీక్ష ఒకటుంది. ఐసీడీ పుస్తకంలో 'వీ97.33ఎక్స్‌డీ' అనే కోడ్ ఉంది. విమానం జెట్ ఇంజన్ లోపలికి లాక్కుపోవడం, చివర 'డీ'. దీని మీద అమెరికాలో బోలెడన్ని జోకులున్నాయి. 'డీ' అంటే తదుపరి రాక. అంటే ఒకసారి ఇంజన్లో పడి బతికి బట్టకట్టి, రెండోసారి మళ్లీ పడ్డాడన్నమాట అని నవ్వుకుంటారు. అది తప్పు. 'ఏ' అంటే గాయానికి చికిత్స నడుస్తున్న దశ. 'డీ' అంటే ఆ చికిత్స అయిపోయి, మానుతున్న గాయాన్ని చూపించుకోవడానికి వచ్చిన దశ. 'ఎస్' అంటే పాత గాయం వదిలి వెళ్లిన బాధ. పడింది ఒక్కసారే. ఈ తేడాను ఉదాహరణతో విడమర్చి చెప్పిన గురువు దగ్గర చేరొచ్చు. 'ఏ అంటే మొదటిసారి, డీ అంటే రెండోసారి, రాసుకోండి' అన్నారా... జాగ్రత్త పడాల్సిందే. విరిగిన ఎముకకు అదే చికిత్స కోసం మూడోసారి వచ్చినా 'ఏ' పడే సందర్భాలుంటాయి. (బాతు తగిలి దెబ్బ తగిలినా, పంది కరిచినా కోడ్లున్నాయి. డెమో క్లాసు మొత్తం వీటితోనే నవ్వించి పంపేస్తే పాఠం ఏమీ చెప్పనట్టే.)

పుస్తకాల సంగతీ అప్పుడే అడగాలి. ఐసీడీ కోడ్లు ఏటా అక్టోబరు 1న మారతాయి, సీపీటీ కోడ్లు జనవరి 1న. 2021లో అయితే డాక్టరు ఓపీలో రోగిని చూసిన దానికి కోడ్ ఎంచుకునే పద్ధతే మారిపోయింది. 99201 అనే కోడ్‌ను ఏకంగా ఎత్తేశారు. ఆ కోడ్ ఇంకా పాఠంలో కనిపించిందంటే ఆ పాఠానికి గడువు తీరినట్టే. సీపీటీకి కాపీరైటు ఉంది. 'పుస్తకాలు కొననక్కర్లేదు, పీడీఎఫ్ పంపిస్తాం' అనేవాళ్లు దొంగ కాపీ ఇస్తున్నారన్నమాట. పైగా పరీక్షకి ఆ పీడీఎఫ్ పనికిరాదు.

బిల్లింగా... కోడింగా?

కోర్సు పేరులో రెండూ కలిపే ఉంటాయి. పనులు మాత్రం వేరు. కోడర్ నోటు చదివి కోడ్ వేస్తాడు. అక్కడి నుంచి బిల్లు తయారుచేయడం, పంపడం, వచ్చిన డబ్బు జమ చూడటం, రానిదాని గురించి బీమా కంపెనీకి ఫోన్ చేసి నిలదీయడం... ఇదంతా బిల్లింగ్. ఆ ఫోన్లు చేసేవాళ్లను 'ఏఆర్ కాలర్లు' అంటారు. బీమా కంపెనీ ఆఫీసు తెరిచి ఉన్నప్పుడే ఫోన్ చేయాలి కాబట్టి, అది రాత్రి ఉద్యోగం. ఇంగ్లిషు గడగడా మాట్లాడాలి. కోడింగ్‌లో మాట్లాడే పని తక్కువ. పగటి షిఫ్టులు ఎక్కువ.

ఏదీ తక్కువ పని కాదు. మాట చాతుర్యం ఉన్న కుర్రాళ్లు ఏఆర్‌లో చకచకా పైకొస్తారు. చిక్కల్లా, కోడింగ్ అని చేర్చుకుని, డబ్బు కట్టించుకుని, చివరికి 'ఇప్పటికి ఏఆర్‌లో చేరండి, తర్వాత మార్చుకోవచ్చు' అనడంతోనే. రాత్రి ఉద్యోగానికి ఇంట్లో ఒప్పుకోని అమ్మాయి అప్పుడేం చేయాలి?

కోడింగ్‌లోనూ పాయలున్నాయి. హెచ్‌సీసీ అని ఒకటి. అమెరికాలో వృద్ధుల బీమా పథకాన్ని నడిపే ప్రైవేటు కంపెనీలకు రోగి ఎంత జబ్బు మనిషి అన్నదాన్ని బట్టి సొమ్ము అందుతుంది. అందుకోసం జబ్బుల కోడ్లు వెతికే పని అది. ప్రధానంగా ఐసీడీ వస్తే చాలు. ఒక్క నెలలో నేర్పేస్తామనే కోర్సుల్లో చాలావరకు ఇదే నేర్పుతారు. నేర్పడంలో తప్పులేదు. 'దీంతో సీపీసీ కూడా రాసేయొచ్చు' అనడంలో ఉంది తప్పు. సీపీసీలో ఆపరేషన్లు, మత్తుమందు, రేడియాలజీ, లేబొరేటరీ అన్నీ ఉంటాయి.

'లైవ్ చార్టులు' ఇస్తారట!

'నిజమైన అమెరికా ఆసుపత్రి రికార్డుల మీద ప్రాక్టీసు' అని కొందరు గొప్పగా చెబుతారు. ఒక్క క్షణం ఆలోచించాలి. రోగి వివరాలు బయటికి పొక్కకూడదని అమెరికాలో 1996 నాటి హిపా చట్టం కింద గట్టి నిబంధనలున్నాయి. కోడింగ్ కంపెనీల్లోకి సెల్‌ఫోన్లు కూడా తీసుకెళ్లనివ్వని ఫ్లోర్లు ఉండటానికి కారణం అదే. అలాంటిది, రోగి పేరూ పుట్టినతేదీతో సహా రికార్డు ఓ ట్రైనింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపులోకి ఎలా వచ్చింది? పేర్లూ గుర్తులూ తీసేసినవి, పాఠం కోసం తయారుచేసినవి అయితే సరే. లేదంటే ఎవరో తమ ఆఫీసు నుంచి ఎత్తుకొచ్చినవే. రేపు కంపెనీలో చేరాక ఏ పని చేస్తే ఉద్యోగం ఊడుతుందో, ఆ పనినే శిక్షణలో మొదటి రోజున చూపించినట్టు.

ప్రాక్టీసు మాత్రం తప్పనిసరి. కంపెనీల్లో సాధారణంగా 95 శాతం కచ్చితత్వం అడుగుతారు. దానికితోడు రోజుకి ఇన్ని చార్టులని లెక్క. కాబట్టి అడగాల్సింది 'ఎన్ని గంటల వీడియోలు' అని కాదు. 'నేను వేసిన కోడ్లను ఎవరు దిద్దుతారు? తప్పయితే ఎందుకు తప్పో ఎవరు చెబుతారు?' అని. ఆన్‌లైన్ చదువులో వీడియో చూడటం ఎవరైనా చేయగలరు. దిద్దే మనిషి ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టే ఫీజుకి విలువ.

అసలు డబ్బు కట్టకముందే ఈ పని తనకు నచ్చుతుందో లేదో చూసుకునే దారి ఒకటుంది. ఐసీడీ-10-సీఎం కోడ్ల జాబితా, వాటిని ఎలా వేయాలో చెప్పే అధికారిక మార్గదర్శకాలు అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. వారం రోజులు రోజుకో గంట కూర్చుని చదవాలి. మధుమేహం ఒక్కటే అయితే 'ఈ11.9'. దానివల్ల కిడ్నీ దెబ్బతింటే 'ఈ11.22', దానికి తోడు కిడ్నీ జబ్బు ఏ దశలో ఉందో చెప్పే కోడ్. ఈ రెండో కోడ్ ఎందుకు వేయాలో పుస్తకంలో వెతికి పట్టుకున్నప్పుడు సరదా అనిపిస్తే, ఈ అమ్మాయి కోడర్ అవుతుంది. మూడో రోజుకే విసుగొచ్చి ఫోన్ పక్కన పడేస్తే, అయిదంకెల ఫీజు మిగిలినట్టే.

నూటికి నూరు... ఎలా?

ఇక ఉద్యోగ హామీ. 'మా దగ్గర చేరిన అందరికీ ఉద్యోగం' అన్నమాట ఏ కోచింగ్ సంస్థా నిజాయితీగా చెప్పలేదు. ఉద్యోగం ఇచ్చేది వాళ్లు కాదు కదా! కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగ భద్రత, ఎంపిక గ్యారంటీ అంటూ అబద్ధపు హామీలివ్వకూడదంది. 'రెండే సీట్లున్నాయి, ఇవాళే ఆఖరు' అని లేని తొందర సృష్టించకూడదంది. విజయం సాధించినవాళ్ల ఫొటోలు వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా వేసుకోకూడదని కూడా అందులో ఉంది. తెనాలి ఇంటికి వచ్చిన ఫోన్‌కాల్‌ని దీని పక్కన పెట్టి చూస్తే సరిపోతుంది.

అంతకన్నా ముదిరినవి కొన్నున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకునేవాళ్లు. ఉద్యోగం వచ్చాక మొదటి మూడు జీతాలు ఇవ్వాలని బాండు రాయించుకునేవాళ్లు. 'బ్యాక్‌డోర్' అని చెప్పి కంపెనీ పేరుతో డిపాజిట్ కట్టించుకునేవాళ్లు. రెండేళ్ల దొంగ అనుభవ పత్రం తయారుచేసి ఇస్తామనేవాళ్లూ తక్కువేం లేరు. ఈ చివరిది మరీ చెడ్డది. కంపెనీలు చేరిన తర్వాత కూడా పాత ఉద్యోగం వివరాలు ఆరా తీస్తాయి. దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, మచ్చ మిగులుతుంది. అసలు కంపెనీ ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. అడిగారంటే అది కంపెనీ కాదు. మోసపోయామని తెలిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆన్‌లైన్లో డబ్బు కాజేసి మాయమైతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

మొదటి జీతం గురించి కూడా ఇంట్లో దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. కొత్తవాళ్లకు నెలకి పదిహేను, ఇరవై వేల దగ్గర మొదలయ్యే ఉద్యోగాలే ఎక్కువ. హైదరాబాద్‌లో హాస్టలు, బస్సు పోను ఎంత మిగులుతుంది? అనుభవం, సర్టిఫికెట్ తోడైతే పెరుగుతుంది, ఆడిటర్ స్థాయికి వెళితే బాగానే ఉంటుంది. కానీ ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టాలనుకునే తల్లి లెక్క వేసుకోవాల్సింది మొదటి ఏడాది జీతంతోనే. కొన్ని కంపెనీలు సీపీసీ లేకపోయినా లైఫ్ సైన్సెస్ పట్టభద్రులను తీసుకుని తామే నేర్పిస్తాయి. అలాంటి వాకిన్‌లకు రెండుమూడుసార్లు వెళ్లి చూశాక కోర్సు సంగతి ఆలోచించినా కొంపేమీ మునిగిపోదు.

అమీర్‌పేట మర్చిపోని పాఠం

నలభై దాటినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2000 ప్రాంతంలో మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డులే. అమెరికా డాక్టరు మాటలు చెవిలో పెట్టుకుని విని టైపు చేసే పని. అప్పుడూ ఇంతే. ఇంటిదగ్గరే నేర్చుకోండి, డాలర్లలో సంపాదన అన్నారు. అప్పు చేసి ఫీజులు కట్టినవాళ్లున్నారు. కొందరు స్థిరపడ్డారు కూడా. తర్వాత మాటను తనంతట తానే అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2009 తర్వాత అమెరికా సర్కారు డబ్బిచ్చి మరీ ఆసుపత్రులను కంప్యూటర్ రికార్డుల వైపు మళ్లించింది. టైపు చేసే పని కరిగిపోతూ వచ్చింది. ఆ బోర్డులు ఒక్కొక్కటే దిగిపోయాయి.

కోడింగ్‌కీ అదే గతి పడుతుందా? ఎక్స్‌రే, ల్యాబు నివేదికల వంటి ఒకే మూసలో ఉండే వాటికి యంత్రమే కోడ్ వేయడం ఇప్పటికే మొదలైంది. చిక్కుముడి ఆపరేషన్ నోట్లు, యంత్రం వేసినదాన్ని సరిచూసే ఆడిటింగ్, బీమా కంపెనీ తిప్పికొట్టిన బిల్లుకు సమాధానం చెప్పే పని... వీటికి మనిషి కావాలి. తేలిక చార్టులు మాత్రమే నేర్పే కోర్సు, యంత్రం ముందుగా తినేసే పనిని నేర్పుతోందని అర్థం. పోయేది తేలిక పని, నిలిచేది కష్టమైన పని. ఈ రెండు మూడేళ్లలో చేరేవాళ్లు ఇది తెలిసే చేరాలి.

సముద్రం అవతల కూడా తెలుగిళ్లల్లో ఇదే చర్చ వినిపిస్తుంది. భర్తకి హెచ్1బీ, భార్యకి హెచ్4. చదువుకోవచ్చు కానీ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2015లో వచ్చిన నిబంధనతో, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్య పని అనుమతి కోరవచ్చు. ఇక్కడ బీఫార్మసీ చదివి అక్కడ ఇంట్లో ఉన్న ఆడపిల్లలకు ఇది అందుబాటులో ఉన్న చదువు. వాళ్లకి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ కోర్సులుంటాయి, ఏఏపీసీ, అహిమాల సొంత ఆన్‌లైన్ కోర్సులూ ఉంటాయి. అక్కడా మోసాలకు కొదవ లేదు. 'ఇంటి నుంచే మెడికల్ బిల్లింగ్ వ్యాపారం, డాక్టర్ల జాబితా మేమిస్తాం' అని సాఫ్ట్‌వేర్ అంటగట్టేవాళ్ల గురించి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉంది. వాళ్లిచ్చే జాబితాలోని డాక్టర్లకు బిల్లింగ్ మనిషి అక్కర్లేదని ఆనక తెలుస్తుంది.

మర్నాటి ఫోన్

తెనాలి ఇంట్లో ఆ రాత్రి గాజులు బీరువాలోనే ఉండిపోయాయి. అమ్మాయి కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకుంది. హైదరాబాద్‌లో ఉండే బాబాయి కొడుకు ఇంకోటి కలిపాడు. పొద్దున పదింటికల్లా ఫోన్ రానే వచ్చింది.

''మేడమ్, మీ కోసమే సీటు ఆపాను. పేమెంట్ లింక్ పంపించమంటారా?''

''పంపండి సార్. ఈలోగా పాఠం చెప్పే సార్ ఏఏపీసీ నంబరు కూడా పంపండి. ఫీజులో పరీక్ష, పుస్తకాలు ఉన్నాయో లేవో రాసివ్వండి. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కూడా.''

అవతల కాసేపు మాట లేదు.

''నంబరా మేడమ్? అది... మా సార్‌తో మాట్లాడి చెబుతాను.''

''సరే సార్. మాట్లాడాకే లింక్ పంపండి'' అని అమ్మాయి ఫోన్ పెట్టేసింది. కొట్లో వాళ్ల నాన్న మళ్లీ తూకం మొదలుపెట్టాడు.